తిన్నగా అంటించిన స్టిక్కర్లు

జూన్ 3

ఒరే అల్లుడూ,

నువ్వెళ్ళి తొమ్మిది రోజులైంది. "చేరాను, బాగున్నాను, భోజనం బాగుంది" అని ఫోనులో మూడు ముక్కలు చెప్పి పెట్టేశావట. ఆ మూడు ముక్కల్నే మీ అమ్మ కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోతోంది. నేను మురిసిపోయే రకం కాదని నీకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళుగా కాటాలు బాగుచేస్తున్నవాణ్ణి. కొట్టువాడు "మా కాటా సరిగ్గానే ఉందండీ" అంటే "అలాగా" అని నవ్వి, సంచీలోంచి నా తూనికరాళ్ళు తీసి తూచి చూస్తాను. నీ విషయంలోనూ అంతే.

అందుకే మన ఒప్పందం మళ్ళీ రాస్తున్నాను. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే ఇంజక్షను. రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టరు అనే సరుకు మనిద్దరి ఒంట్లో లేదు కాబట్టి బయటినుంచి ఎక్కించుకోవాల్సిందే. అదీ దెబ్బ తగిలాక కాదు, తగలకముందే. అయ్యాక సీసా లేబులు పక్కనుండే చిన్న స్టిక్కరు, లేబులు మీది నంబరూ గడువు తేదీ మళ్ళీ వేసి ఉన్నది, ఊడదీసి కాగితం మీద అంటించు. రెండు వారాలకోసారి ఆరు స్టిక్కర్ల కాగితం ఉత్తరంతోపాటు నాకు పోస్టులో రావాలి. ఫోనులో చెబుతానంటే కుదరదు. "ఆఁ, వేసుకున్నా మామయ్యా" అనడానికి నోరుంటే చాలు. మాదిరి కోసం నా ఇంజక్షన్ల పుస్తకంలో పేజీ ఒకటి నకలు తీయించి పంపుతున్నాను. చూసి నేర్చుకో.

నీకు రెండు మోకాళ్ళు, రెండు చీలమండలు, రెండు మోచేతులు. ఆరూ కొత్తవే. నా చిన్నప్పుడు ఈ ముందుజాగ్రత్త మందు లేదు. కీల్లోకి రక్తం దిగాక ఐసుగడ్డ, మంచం, పక్కన మా అక్క ఏడుపు, అంతే వైద్యం. ఆరింటిలో అయిదు పోయాయి. మిగిలింది కుడి మోచెయ్యి ఒక్కటే. దాంతోనే కాటాలు విప్పుతున్నాను, దాంతోనే అన్నం తింటున్నాను, దాంతోనే నీకీ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు పుట్టినప్పుడు అందరూ మేనమామ పోలిక అని సంబరపడ్డారు. రక్తంలో వచ్చిన పోలిక చాలు. కీళ్ళలో రావక్కర్లేదు.

జవాబు కోసం చూసే
మామయ్య


జూన్ 17

మామయ్యా, నమస్కారం.

ఇవిగో నీ ఆరు స్టిక్కర్లు, లెక్కపెట్టుకో. నీ మాదిరి పేజీ చూశాను. బాబోయ్, స్కేలు పెట్టి అంటించావా? ఒక్కటైనా వెంట్రుకవాసి పక్కకి జరగలేదు. నా కాగితం చూస్తే కోడి కెలికినట్టుంది. రెండోది తలకిందులైంది, నాలుగోదాని మీద రక్తం మరక. కోప్పడకు, పొద్దున్నే హడావుడి.

ఇక్కడ ఉద్యోగం సంగతి విను. లిఫ్టు మెకానిక్కంటే రోజంతా లిఫ్టులో కూర్చుని తిరగడం అని అమ్మ అనుకుంటోంది. లిఫ్టు పాడైతేనే కదా మమ్మల్ని పిలిచేది! వెళ్ళిన ప్రతిచోటా మెట్లే. మోటారేమో పైకప్పు మీదుంటుంది. మా మేస్త్రికి నా జబ్బు సంగతి చెప్పలేదు. చెబితే బల్ల ముందు కూర్చోబెట్టి ఫోన్లు ఎత్తమంటాడు. గదిలో నాతో ఉండే వంటమాస్టరుకి మాత్రం చెప్పాను, ఫ్రిజ్ ఆయనది కాబట్టి. మందు డబ్బాకి పై అర ఇచ్చాడు పాపం.

నిన్న ఒక ఏడంతస్తుల భవనానికి నెల సర్వీసుకి వెళ్ళాను. అక్కడి సెక్రటరీగారు, "బాగా తిరుగుతున్న లిఫ్టుని ఆపి విప్పడం దేనికయ్యా? కార్డు మీద సంతకం పెట్టేసి వెళ్ళు, నేనూ పెడతాను, ఇద్దరికీ పని తప్పుతుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "బాగా తిరుగుతున్నప్పుడు చూస్తేనేనండీ బాగా తిరిగేది" అని, రెండు గంటలు ఆపి, తాళ్ళూ బ్రేకులూ అన్నీ చూసిగానీ కదల్లేదు. ఏడో అంతస్తు పెద్దావిడ నన్ను తిట్టని తిట్టు లేదు.

ఉంటాను. అమ్మని నా గురించి వీధిలో తక్కువ మాట్లాడమను.

అల్లుడు


జూన్ 25

ఒరే అల్లుడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అమ్మ నాలుగుసార్లు చదివించుకుంది. సెక్రటరీతో నువ్వన్న ముక్క, అదే, "బాగా తిరుగుతున్నప్పుడు చూస్తేనే బాగా తిరిగేది" అన్నది, అట్టముక్క మీద రాసి కొట్లో తగిలించాను. వచ్చినవాళ్ళు ఎవరు రాశారని అడుగుతున్నారు. మా మేనల్లుడండీ అంటున్నాను. నా గొప్ప ఏముంది అందులో అని నువ్వడగొచ్చు. ఏమీ లేదు, ఊరికే చెబుతున్నాను.

ఇక్కడ ఒక చిత్రం జరిగింది. ఆస్పత్రిలో పెద్ద నర్సమ్మ నా ఇంజక్షన్ల పుస్తకం చూసి, కౌంటరు పక్కన మేకు కొట్టి, తాడు కట్టి, దాన్ని అక్కడ వేలాడదీసింది. మందుకి వచ్చిన ప్రతివాడికీ "పుస్తకమంటే ఇదీ" అని చూపిస్తోంది. నేను వద్దన్నాను. నిజంగానే వద్దన్నాను. "మీకు మరీ మొహమాటం" అని నవ్వేసింది. ఇప్పుడు నెలకోసారి వెళ్ళి, మేకు మీంచి తీసి, నా స్టిక్కర్లు అంటించి, మళ్ళీ మేకుకి తగిలించి రావాలి.

కుడిచెయ్యి కాస్త బిగుసుకున్నట్టుంది. సంతలో బస్తాలు తూచే సంతకాటా ఒకటి ఒక్కణ్ణే ఎత్తాను, అదీ కారణం. తగ్గిపోతుందిలే.

మేస్త్రికి చెప్పెయ్యి. ఒకరోజు కాలు వాచి కూర్చుంటే "తాగి పడ్డాడు" అనుకుంటాడు. మాదిరి పేజీ ఇంకొకటి పెట్టాను.

మామయ్య


జూలై 9

మామయ్యా,

నన్నిప్పుడు పన్నెండు భవనాలకి పంపుతున్నారు. పొద్దున ఏడింటికల్లా సంచీ భుజాన పడాలి. మేస్త్రి నన్ను మెచ్చుకున్నాడు, పైకి కాదు, పక్కవాణ్ణి తిట్టేటప్పుడు నా పేరెత్తాడు.

ఇవిగో ఆరు స్టిక్కర్లు. కోడి కెలుకుడు చూసి నీ ప్రాణం ఎంత కొట్టుకుందో అని ఈసారి తిన్నగా అంటించాను. నీ పేజీ పక్కన పెట్టుకుని మరీ. నీ శిష్యుణ్ణి కదా!

ఆ ఏడంతస్తుల సెక్రటరీ దగ్గర ఈ నెల సర్వీసు కుదరలేదు. ఒకే రోజు నాలుగు చోట్లకి వెళ్ళమంటే మనిషినా, యంత్రాన్నా? కార్డు మీద సంతకం పెట్టి వచ్చాను. ఈ ఒక్క నెలకే. ఆయన టీ కూడా ఇప్పించాడు. లిఫ్టు వెన్నలా తిరుగుతోంది, కంగారు పడకు. ఆ అట్టముక్క మాత్రం కొట్లోంచి తీసెయ్యి.

అల్లుడు


జూలై 15

ఒరే అబ్బాయ్,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది.

ఎన్నేళ్ళుగా వేసుకుంటున్నావురా ఇంజక్షను? అయ్యాక ఏం చేస్తాం? సూది తీసి, దూది పెట్టి, ఆ చెయ్యి మడిచి బిగించి పట్టుకుంటాం. మనకి అయిదు నిమిషాల్లో ఆగదు కాబట్టి అందరికంటే ఎక్కువసేపు పట్టుకుంటాం. ఇక మిగిలింది ఒక్క చెయ్యి. దాంతో సీసాని పొట్టకి ఆనించుకుని, గోటితో స్టిక్కరు లాగి, కాగితం జారిపోతుంటే ఎలాగో అంటిస్తాం. అది తిన్నగా పడదు. ఎవడికీ పడదు. నీ మొదటి కాగితం అలాగే ఉంది, అది చూసి ఎంత నెమ్మదించానో నీకేం తెలుసు. ఈసారి ఆరుకి ఆరూ సైన్యంలా నిలబడ్డాయి. అంటే ఏమిటి? రెండు చేతులూ ఖాళీగా ఉన్న మనిషి, తీరిగ్గా బల్ల ముందు కూర్చుని, ఆరూ ఒకేసారి అంటించాడు.

కాటా ముల్లు అసలు ఊగకుండా నడిమధ్య నిలబడిపోతే నేను మెచ్చుకోను. కింద ఎవడో మైనం పూశాడని చూస్తాను. నా చెవిలో పువ్వు పెట్టాలంటే నువ్వింకా చాలా ఎదగాలి.

ఎన్ని ఎగ్గొట్టావు? నిజం రాయి. తిట్టను. తిడతాను, కానీ రాయి.

మాదిరి పేజీ మళ్ళీ పంపుతున్నాను. సిగ్గుంటే ఎదురుగా పెట్టుకో.

మామయ్య


జూలై 24

మామయ్యా,

నీకు ఈ మాటలన్నీ ఎవరు మోస్తున్నారో నాకు తెలుసు. స్టిక్కరు వంకరట, తిన్ననట! వంటమాస్టరు నీకు ఫోను చేస్తున్నాడని సూటిగా చెప్పొచ్చుగా? ఆయనతో మాట్లాడటం మానేశాను. మందు డబ్బాని పై అరలోంచి తీసి కింద కూరగాయల వెనక్కి తోశాను, ఆయన కంట పడకుండా. "నేనేం చేశానయ్యా?" అని వెనకాలే తిరుగుతున్నాడు.

ఇవిగో ఆరు స్టిక్కర్లు. అన్నీ వంకర. ఒకదాని మీద రక్తం కూడా ఉంది. సరిపోయిందా? ఇంకేమైనా తూచాలా?

ఏమీ అనుకోకు కానీ నాకిప్పుడు ఇరవై ఒకటి. ఏడాదిన్నరగా ఒక్కసారి కూడా ఏ కీల్లోకీ రక్తం దిగలేదు. ఎంత బాగున్నా వారానికి మూడు రోజులు పొద్దున్నే లేచి, నేను రోగిష్టివాణ్ణి అని నా నరానికి నేనే గుర్తు చెయ్యాలా? నీ భయం నీ కీళ్ళు చూసుకుని వచ్చింది. దాన్ని నా మీద రుద్దకు.

నీ మాదిరి పేజీ చూడలేదు. మడిచి పెట్టెలో పడేశాను.

ఇట్లు


ఆగస్టు 2

నాయనా,

నీ ఉత్తరం చివర "ఇట్లు" అని రాసి వదిలేశావు. సంతకానికి కూడా నోచుకోలేదా నేను అని రోజంతా బాధపడ్డాను. తర్వాత స్టిక్కర్లు చూశాను. వంకరగా ఉన్నాయి, మరక కూడా ఉంది. నావల్ల పొరపాటు జరిగింది. పసివాడి మీద అనుమానపడ్డాను. ఆ వంటమాస్టరెవరో నాకు తెలియదు, ఆయన నంబరు కూడా నా దగ్గర లేదు. ఆయనకి నా తరఫున క్షమాపణ చెప్పు.

నీకొక సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నీకు నాలుగేళ్ళప్పుడు, ఒకే వారంలో, నాకు మోకాల్లోకీ నీకు ఎడమ చీలమండలోకీ రక్తం దిగింది. ఆస్పత్రిలో ఒకరికి సరిపడా మందే మిగిలింది. "పనిచేసుకునే మనిషి, ఇతనికి ఇద్దాం, పిల్లాడికి రేపు స్టాకు వస్తుంది" అన్నారు. నేను చెయ్యి చాపాను. నాది నొప్పిరా, ఆలోచించలేదు. ఆ రేపు ఆరు రోజులకి వచ్చింది. నువ్వా ఆరు రోజులూ మీ అమ్మ ఒళ్ళో కాలు పైకెత్తుకుని పడుకుని, నేను గడపలోకి రాగానే "మామయ్యా, నీకు తగ్గిందా?" అని అడిగేవాడివి. ఆ చీలమండ మళ్ళీ మామూలైంది, నీ అదృష్టం. నా మోకాలెలాగూ పోయింది.

అప్పట్నుంచి "స్టాకు లేదు" అన్న మాట వింటే గుండెల్లో రాయి పడుతుంది. అందుకే నేను... అదంతా ఇప్పుడెందుకులే.

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. ఆ చెయ్యి ఇంకా దారికి రాలేదు.

నీ మామయ్య


ఆగస్టు 11

మామయ్యా,

ఆస్పత్రి మంచం మీంచి రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, బాగానే ఉన్నాను, అమ్మకి చెప్పకు.

ఆ ఏడంతస్తుల భవనంలో లిఫ్టు ఆరో అంతస్తు దగ్గర ఆగిపోయింది. జూలై సర్వీసు నేను చెయ్యనిదే. ఏడు అంతస్తులూ మెట్లెక్కాను. పైన వంగి మోటారు విప్పుతుండగా ఎడమ చీలమండలో జివ్వుమంది. తెలుసు కదా ఆ జివ్వు. అరగంటలో బూటు పట్టనంత వాచింది. దిగడానికి లిఫ్టు లేదు. ఆ సెక్రటరీగారూ ఇంకో ముగ్గురూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీంచి మోసుకొచ్చారు. ప్రతి అంతస్తులోనూ తలుపులు తీసి చూశారు. ఏడో అంతస్తు పెద్దావిడ అయితే "బాగుచెయ్యడానికి వచ్చినవాణ్ణే మోసుకెళ్తున్నారేమిటి?" అంది.

వంటమాస్టరు, నేను మాట్లాడటం మానేసిన ఆ మనిషే, కూరగాయల వెనక వెతికి మందు డబ్బా తెచ్చాడు. నర్సు మూత తీసి ఒక్కొక్క సీసా పైకెత్తి చూసింది. "పదకొండు సీసాల్లోనూ నీళ్ళు కలపని పొడి అలాగే ఉంది, స్టిక్కర్లు మాత్రం లేవు. ఏం బాబూ, మందు వదిలేసి స్టిక్కరు ఎక్కించుకున్నావా?" అంది. పక్క మంచం ఆయన నవ్వాడు. వంటమాస్టరు నవ్వలేదు. నాకు ముఖం చెల్లలేదు.

నువ్వు క్షమాపణ అడిగిన కాగితం ఉంది చూడు, ఆ ఆరూ దొంగవే. దాని ముందు కాగితంలో అయిదు. ఒక చేత్తో అంటిస్తే వంకరగా పడతాయని నువ్వే నేర్పావు. మరక కోసం వేలు గుచ్చుకున్నాను. వేలు గుచ్చుకున్నవాడికి నరంలో సూది గుచ్చుకోవడం బరువైంది. నీ ఉత్తరం చదివి ఆ రోజే చెప్పేద్దామనుకున్నాను. "పసివాడి మీద అనుమానపడ్డాను" అన్నావే, అక్కడ కాగితం మడిచి పెట్టేశాను.

ఆ పదకొండూ ఇప్పుడు నాకే ఎక్కిస్తున్నారు. అవి అయిపోతే నెలాఖరు దాకా సోమ, బుధ, శుక్రవారాలకి ఏమీ ఉండవు. ఇక్కడ అదనంగా ఇవ్వడానికి స్టాకు లేదట. ఆ మాట నీకు రాయకూడదనుకున్నాను, రాసేశాను.

అల్లుడు


ఆగస్టు 14

ఒరే,

మీ అమ్మకి చెప్పక తప్పలేదు. రేపు పొద్దున బండికి వస్తోంది. తనతో ఐసు డబ్బా పంపుతున్నాను. అందులో ఇరవై ఆరు సీసాలున్నాయి. నీ మందే, నా మందే, ఇద్దరిదీ ఒకటే రకం. డాక్టరుకి చూపించి వేయించుకో. ఎక్కడివని అడగకు. పాత స్టాకు. కాలు పైకెత్తి పెట్టుకో. తిట్లు తర్వాత.

మామయ్య


ఆగస్టు 20

మామయ్యా,

డబ్బా తెరిచాను. ఇరవై ఆరు సీసాలు. ఒక్కదానికీ స్టిక్కరు లేదు.

నర్సు నా వైపు చూసింది. "ఇవి నావి కావండీ" అన్నాను. "మీ ఇంట్లో అందరికీ ఇదే అలవాటా?" అంది.

నీ మాదిరి పేజీలు పెట్టెలోంచి తెప్పించుకున్నాను. సీసాల లేబుళ్ళ మీది నంబర్లూ, నీ పేజీల మీద స్టిక్కర్ల నంబర్లూ ఒకటే. అప్పుడు పేజీల్ని సరిగ్గా చూశాను. తిన్నగా, సైన్యంలా. రెండు చేతులూ ఖాళీగా ఉన్న మనిషి తీరిగ్గా బల్ల ముందు కూర్చుని అంటించినవి. నువ్వు చెప్పిన పరీక్షే, నీకు తప్ప అందరికీ పెట్టావు! జూన్‌లోనే స్కేలు పెట్టావా అని అడిగాను కదా, అప్పుడైనా ఉలిక్కిపడలేదా?

అమ్మ అంతా చెప్పింది. నీ కుడి మోచెయ్యి మూడుసార్లు వాచిందట. చొక్కా గుండీలు తనే పెడుతోందట. "సంతకాటా ఎత్తాను" అని నాకు రాశావు. ఏ కాటా అది, నెలన్నరపాటు ఎత్తుతూనే ఉన్నావా?

ఇంకొకటి విను. ఇరవై ఆరింటిలో తొమ్మిదింటికి గడువు దాటిపోయింది. జూలైకే తీరింది. డాక్టరు వాటిని పక్కన పెట్టేశాడు. ఆ తొమ్మిదీ నీ ఒంట్లోకీ పోలేదు, నా ఒంట్లోకీ రాలేదు. నీ మోచెయ్యి దేనికి పోయిందో ఇప్పుడు చెప్పు. నాకు నీ మీద ఎంత కోపంగా ఉందంటే, రాస్తుంటే కళ్ళు మసకబారుతున్నాయి.

నేను బద్ధకంతో ఎగ్గొట్టాను. నన్ను తిట్టొచ్చు. నిన్నేమనాలి?

అల్లుడు


ఆగస్టు 29

అల్లుడూ,

ఇది ఎడమచేతి రాత. కూడబలుక్కుని చదువుకో.

నువ్వు ఉద్యోగానికి బయటికి వెళ్తానన్న రోజునుంచి దాస్తున్నాను. మొదట వారానికొకటి. నువ్వెళ్ళాక రెండు. అయిదు కీళ్ళు పోయినవాడికి ముందుజాగ్రత్త ఏమిటి, కొత్త కీళ్ళున్నవాడికి ఒకరోజు స్టాకు లేదంటే ఏం చేస్తాడు, ఇదే నా లెక్క. లెక్క తప్పని ఎవరైనా అంటే కొట్టేవాణ్ణి. పుస్తకంలో ఖాళీ కనిపిస్తే నర్సమ్మ మందు తగ్గిస్తుందని స్టిక్కర్లు అంటించాను. చక్కగా అంటించాను, పని ఏదైనా చక్కగా చెయ్యడం నాకు అలవాటైపోయింది. అదే నన్ను పట్టించింది.

అసలు తమాషా వినలేదు నువ్వు. మోచెయ్యి మొదటిసారి వాచినప్పుడు డాక్టరు నా పుస్తకం తెప్పించుకున్నాడు. "ఇంత క్రమంగా వేసుకుంటున్నా రక్తం దిగిందంటే మోతాదు చాలడం లేదన్నమాట" అని మందు పెంచాడు. నేను తల వంచుకుని ఆ ఎక్కువ సీసాలు కూడా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంకోసారి వాచింది. మందు పనిచెయ్యడం లేదేమోనని రక్తపరీక్షకి రాశాడు. పాపం ఆయన నా మందుని అనుమానించాడు కానీ నన్ను అనుమానించలేదు. మేకు మీది పుస్తకం కదా.

గడువు దాటిన తొమ్మిదింటి సంగతి మీ అమ్మ చెప్పింది. మొదట వచ్చినవి వెనక్కి తోసి, కొత్తవి ముందు పెడుతూ వచ్చాను. తేదీ చూడలేదు. కొట్లో ప్రతి రాయినీ తిప్పి ముద్ర చూసేవాణ్ణి, ఇది చూడలేదు. ఆ ఇరవై ఆరూ ఉన్నాయి, నీకోసం ఉన్నాయి అన్న ధైర్యమే చాలింది నాకు. రోజూ ఒకసారి ఫ్రిజ్ తలుపు తీసి చూసుకునేవాణ్ణి.

నన్నేమనాలి అని అడిగావు. వెధవ అను. మీ అమ్మ అదే అంది.

మామయ్య


సెప్టెంబరు 7

వెధవ మామయ్యా,

అనమన్నావు, అన్నాను. ఇంకెప్పుడూ అనను.

వాపు తగ్గింది. డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి, ఈసారికి ఏమీ కాలేదన్నాడు. "ఈసారికి" అన్న మాట మీద వేలు పెట్టి మరీ చెప్పాడు. ఆరు కీళ్ళకి ఆరూ ఉన్నాయి. నెల రోజులు మెట్లు వద్దన్నాడు, కాబట్టి ప్రస్తుతం బల్ల ముందు కూర్చుని ఫోన్లు ఎత్తుతున్నాను. మేస్త్రికి అంతా చెప్పాను. జబ్బు సంగతికి "ముందే చెప్పొచ్చుగా, మా బావమరిదికీ షుగరుంది" అన్నాడు. సర్వీసు కార్డు మీద దొంగ సంతకానికి మాత్రం గంటసేపు తిట్టాడు.

మిగిలిన పదిహేడు సీసాల్లో అయిదు నాకు వేశారు. పన్నెండు అమ్మతో వెనక్కి పంపుతున్నాను. అవి నీవి. గడువు తేదీలు పెద్ద అక్షరాలతో రాశాను, ముందు తీరేది ముందు పెట్టాను. నీ కాటాకొట్టు తెలివి నాకు చూపించకుండా అదే వరసలో వాడు.

నీతో ఒప్పందం ఒకటి. సోమ, బుధ, శుక్ర, పొద్దున ఆరున్నర. నేనిక్కడ, నువ్వక్కడ. నువ్వు ఎగ్గొడితే ఆ రోజు నేనూ ఎగ్గొడతాను. తూచడానికి వేరే రాళ్ళు అక్కర్లేదు. బెదిరింపే అనుకో. నాకోసం దాచిన మనిషివి, నాకోసం వేసుకోలేవా?

డాక్టరుకి నిజం చెప్పు. ఎడమచేతి రాత నాకొద్దు.

నీ అల్లుడు
(ఈసారి సంతకం చేశాను, చూసుకో)


అక్టోబరు 12

ఒరే అల్లుడూ,

డాక్టరుకి చెప్పాను. ముందు నీళ్ళు తాగాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ మోతాదు మళ్ళీ తగ్గిస్తున్నాను. నర్సమ్మకి మాత్రం ఈ సంగతి చెప్పకండి, ఆవిడ తట్టుకోలేదు" అన్నాడు.

కానీ పుస్తకం మేకు మీదే ఉంది కదా. అయిదు వారాల స్టిక్కర్లు తీసుకెళ్ళి, ఇంట్లో కాగితం మీద ఎలా పడ్డవి అలాగే పుస్తకంలోకి మార్చాను. పదిహేను. ఎంత కష్టపడినా ఒక్కటీ తిన్నగా లేదు. నర్సమ్మ వచ్చి పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. "ఏమైందండీ మీకు? ముందెంత ముచ్చటగా ఉండేది! ఒకటి అటూ, ఒకటి ఇటూ, ఇదేం మరక? పదిమందికి చూపించే పుస్తకమండీ ఇది!" అని అందరి ముందూ చెడామడా దులిపేసి, తాడు విప్పి, పుస్తకం నా చేతిలో పెట్టింది. "మీరు కూడా ఇలా తయారైతే ఇక ఎవరికి చెప్పను?" అంటూ ఖాళీ మేకు వైపు చూసింది. నేను తల వంచుకుని తిట్లన్నీ తిన్నాను. నా బతుకులో అంత రుచిగా తిట్లు ఎప్పుడూ తినలేదురా.

ఇప్పుడా మేకుకి ఒక దర్జీగారి పుస్తకం వేలాడుతోంది. ఊరికే తిరగేశాను. స్టిక్కర్లన్నీ స్కేలు పెట్టినట్టు, సైన్యంలా. ఆయన బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చేరి, "ఏమండీ, ఇంట్లో మీ ఫ్రిజ్‌లో ఎన్ని దాచారు?" అని చెవిలో అడిగాను. ఆయన ముఖం చూడాల్సింది నువ్వు. ఎవరికోసం అని అడగలేదు, ఆయనే చెప్పాడు. కూతురి కొడుకట, మూడేళ్ళట. ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. మొత్తం చెప్పాను, ఆ తొమ్మిది సీసాల సంగతితో సహా.

ఇందులో ఆ పదిహేనులో చివరి ఆరింటి నకలు పెడుతున్నాను. మూడోది తలకిందులైంది. తీసి తిన్నగా అంటిద్దామని చెయ్యి దానంతటదే వెళ్ళింది, ఆపాను. నీవి కూడా అందాయి. కోడి కెలికినట్టున్నాయి, చూసి మీ అమ్మ కళ్ళకద్దుకుంది.

మోచెయ్యి పూర్తిగా చాచుకోదు. ఇక చాచుకోదట. ఆలస్యం చేశానన్నారు. పెద్ద కాటాలు వదిలేశాను, చిన్న త్రాసులు చేసుకుంటున్నాను. ముద్ద నోటిదాకా వస్తుంది, గుండీలు నేనే పెట్టుకుంటున్నాను, చెయ్యి కాగితం మీదికి అందుతోంది.

ఇంత ఉత్తరం చదివావు, రాత చూశావా? కుడిచేత్తో రాశాను.

మామయ్య